బోర్డు మీద పేరు సరే, వెనకాల ఎవరున్నారు?

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్‌కి చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జూలైలో ప్రాణాలు కోల్పోయింది. దర్యాప్తు సరిగ్గా సాగడం లేదు, సీబీఐకి అప్పగించండని తండ్రి హైకోర్టుకు వెళ్తే కుదరదన్నారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా కేసును సీబీఐకి ఇవ్వడంతో ఊరుకోలేదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు రాశారు. ప్రత్యేకంగా చట్టం వచ్చేదాకా వీటినే పాటించాలన్నారు. అందులో ఒకటి ఇది: వంద మందో, అంతకు మించో విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. ఆ మనిషికి పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్నట్టు రుజువు కూడా ఉండాలి. వందలోపు ఉన్న సంస్థలు బయటి నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు పక్కాగా చేసుకోవాలి.

మా కోనసీమలో, అమలాపురం గడియారస్తంభం సెంటర్లో నిలబడితే ఎటు చూసినా కాలేజీ ఫ్లెక్సీలే. ర్యాంకులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఫోన్ నంబర్లు. రావులపాలెం, కొత్తపేట, ముమ్మిడివరం, రాజోలు, మలికిపురం ఎక్కడికెళ్లినా అదే వరస. వంద మంది పిల్లలు లేని కాలేజీ కోసం వెతుక్కోవాలి. ఇంజనీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్కులు, జిల్లా పరిషత్ హైస్కూళ్లు, కాన్వెంట్లు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అమలును చూడడానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ వేయాలని కూడా తీర్పులో ఉంది. కమిటీ వస్తుంది, రిజిస్టర్ అడుగుతుంది. అప్పుడు ప్రిన్సిపాల్ ఏం చేస్తాడు? జువాలజీ చెప్పే మేడమ్ పేరు పక్కన ‘కౌన్సెలర్’ అని రాసి స్టాంపు వేస్తాడు. ఇది నా ఊహే. అయితే యాంటీ ర్యాగింగ్ కమిటీలు, గ్రీవెన్స్ సెల్‌లు మన కాలేజీల్లో కాగితం మీద ఎలా పుడతాయో చూసినవాళ్లెవరూ అతిశయోక్తి అనరు.

మేడమ్‌ని తప్పుపట్టడం తేలిక. అసలు చిక్కు తీర్పులోని ‘అర్హత’ దగ్గరుంది. ఫలానా మనిషి అర్హుడైన కౌన్సెలర్ అని మన దేశంలో ఈరోజున ఎవరు చెప్పగలరు? కౌన్సెలర్ల సంఘంలో సభ్యత్వం ఉంటే సరిపోతుందా?

కోనసీమలో ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ అంత పని పెట్టలేదు. మనసు బాగోలేకపోతే వెళ్లే చోట్లు మనకు ముందునుంచీ ఉన్నాయి. పరీక్షల భయానికి అయినవిల్లి సిద్ధివినాయకుడి సన్నిధిలో పూజ చేసిన పెన్ను ఉంది. ఇంట్లో గొడవలకు పెద్దమనుషులున్నారు, పాస్టరు గారున్నారు. నిద్ర పట్టకపోతే ఆర్‌ఎంపీ గారిచ్చే మాత్ర ఉంది. మనస్తత్వ శాస్త్రమనేది మనలో చాలామందికి పరిచయమైంది వారపత్రికల్లో, బస్టాండు పుస్తకాల షాపుల్లో. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ పదో తరగతి పాసైన పిల్లలకు బహుమతిగా ఇచ్చిన మేనమామలు ఎంతమందో. ఇంద్రజాలికుడిగా మొదలై హిప్నాటిజం, వ్యక్తిత్వ వికాసం, కౌన్సెలింగ్ దాకా నడిచి, 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం గారిని చూసే తెలుగువాళ్లు సైకాలజిస్టు అంటే ఇలా ఉంటాడని అనుకున్నారు. వాళ్ల మేలు తక్కువేం కాదు. మనసు గురించి మాట్లాడుకోవడం సిగ్గుపడాల్సిన పని కాదన్న మాట ఇంటింటికీ చేరింది. దాంతోపాటు ఇంకో అలవాటూ వచ్చింది. వేదిక మీద బాగా మాట్లాడేవాడు గదిలో కూర్చోబెట్టి బాగా వినగలడని నమ్మేశాం. ఈ రెండు పనులకూ పొంతన లేదు.

ప్రభుత్వాసుపత్రుల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగం కనబడింది హెచ్‌ఐవీ కాలంలో. హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ గదిలో రక్తపరీక్షకు ముందొకసారి, తర్వాతొకసారి కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లే చాలా ఊళ్లలో తొలితరం కౌన్సెలర్లు. జీతం కొద్దిగా, కాంట్రాక్టు ఏడాదేడాదికి. అయినా గుట్టు కాపాడడమంటే ఏమిటో ఈ జిల్లాల్లో చేసి చూపించింది వాళ్లే. ఫలితం కాగితం ఎవరి చేతికివ్వాలి, భర్తకు ముందు చెప్పాలా భార్యకా, పెళ్లి సంబంధం చూస్తున్న కుర్రాడి తండ్రి వచ్చి అడిగితే ఏమనాలి అన్నవి వాళ్లకు రోజువారీ సంగతులు. ఆ అనుభవాన్నంతా ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఈపాటికి తెలుగులో మంచి నియమావళి తయారై ఉండేది.

బార్ కౌన్సిల్ లేని బార్ అసోసియేషన్

అమలాపురం కోర్టుకు ఎప్పుడైనా పనిమీద వెళ్లినవాళ్లకు ఈ తేడా చటుక్కున అర్థమవుతుంది. వకీలు కావాలంటే 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. అది లేకుండా నల్లకోటు వేసుకుని వాదిస్తే నేరం. బార్ అసోసియేషన్ వేరు. అది వకీళ్లు తమకోసం పెట్టుకున్న సంఘం. అందులో చేరినంత మాత్రాన ఎవరూ వకీలు అయిపోరు. కౌన్సెలర్ల విషయంలో మన దేశంలో అసోసియేషన్లు బోలెడున్నాయి. కౌన్సిల్ మాత్రం ఇంకా గట్టిగా కాళ్లూనుకోలేదు.

ఉన్నదల్లా ముక్కలు ముక్కలుగా ఉంది. 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేస్తుంది. ఆర్‌సీఐ గుర్తించిన చదువు, సాధారణంగా ఇన్నాళ్లూ రెండేళ్ల ఎంఫిల్, ఉండాలి. నమోదు కాకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! ఈ రోజుల్లో అమలాపురంలో ఫ్లెక్సీ కట్టించుకోవడానికి కూడా చాలకపోవచ్చు. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మానసిక ఆరోగ్య నర్సు అని పేర్లు చెప్పి ఊరుకుంది. కౌన్సెలర్ ఊసు లేదు. ఆ ఊసెత్తింది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఆర్‌సీఐ పరిధిలో లేని సైకాలజిస్టులనూ, రకరకాల కౌన్సెలర్లనూ, సోషల్ వర్కర్లనూ తన జాబితాలో చేర్చింది. రాష్ట్రానికో మండలి, రాష్ట్రానికో రిజిస్టరు ఉండాలంది. అమలు మాత్రం నత్తనడక. 2024లో సుప్రీంకోర్టు గడువు పెట్టి అదిలించాల్సి వచ్చింది.

ఈ చట్టం వెనకాలే ఒక దెబ్బ కూడా వచ్చింది. 2025 ఆగస్టులో యూజీసీ, సైకాలజీతో సహా కొన్ని ఆరోగ్య సంబంధ కోర్సులను ఆ విద్యాసంవత్సరం నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదంది. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఇది చిన్న వార్త. లంకల్లో ఉన్నవాళ్లకు కాదు. మాస్టారి ఉద్యోగం చేసుకుంటూనో, పిల్లల్ని బడికి పంపించి మధ్యాహ్నాలు పుస్తకం తీస్తూనో, దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చేసి ఈ పనిలోకి వచ్చినవాళ్లు చిన్న పట్టణాల్లో కోకొల్లలు. ముందే చదివేసినవాళ్ల పట్టా రద్దు కాలేదు. కొత్తగా రావాలనుకునే రాజోలు గృహిణికి మాత్రం ఆ దారి మూసుకుపోయింది. నిజం చెప్పాలంటే, ఒక్క మనిషితోనూ ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా, పరీక్షలు రాసి మాత్రమే కౌన్సెలర్ అయిపోవడం నాకూ నచ్చదు. కానీ పాత దారి మూసేముందు కాకినాడలోనో రాజమండ్రిలోనో సాయంత్రం క్లాసులు తెరిచి ఉంటే ఎంత బాగుండేది.

ఈ ఖాళీలోనే సంఘాలు పుట్టాయి. కొన్నిటికి చరిత్ర ఉంది. సైకియాట్రిస్టుల ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 1947 నాటిది. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ క్లినికల్ సైకాలజిస్ట్స్ 1968లో మొదలైంది. సొంత పత్రిక నడుపుతోంది, ఏటా సదస్సు పెడుతుంది. ఈ రెండూ ఎవరిని పడితే వాళ్లను సభ్యులుగా చేర్చుకోవు. వీటి కింద, వీటి పక్కన, వీటి పేర్లను పోలిన పేర్లతో మరెన్నో ఉన్నాయి. రెండు రోజుల వర్క్‌షాపు, ఆన్‌లైన్‌లో రుసుము, బంగారు అంచు సర్టిఫికెట్, పేరు చివర నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. వాటి పేర్లు రాయను, రాయక్కర్లేదు. మన ఆర్‌ఎంపీల సంఘాలను చూసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు మండలానికో యూనిట్ పెట్టుకున్నారు, గుర్తింపు కార్డులిచ్చుకున్నారు, మహాసభలు జరుపుకున్నారు, వై.ఎస్. హయాంలో కమ్యూనిటీ పారామెడిక్ శిక్షణ కూడా సాధించుకున్నారు. ఊరికి డాక్టరు లేని రోజుల్లో వాళ్లు చేసిన సేవ నిజం. సంఘం కార్డు వాళ్లను డాక్టర్లను చేయలేదన్నదీ అంతే నిజం.

మనకే ఈ గందరగోళం అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో నేటికీ కౌన్సెలర్ అన్న పేరుకు చట్టరక్షణ లేదు; ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. అయితే 1977లో మొదలైన అక్కడి కౌన్సెలర్ల సంఘం, ఇప్పటి బీఏసీపీ, చట్టం చేయని పనిని చాలావరకు తానే చేస్తోంది. దాని అక్రెడిటేషన్ కావాలంటే పర్యవేక్షణలో 450 గంటల ప్రాక్టీసు చూపాలి. ఆ తర్వాత కూడా నెలకు కనీసం గంటన్నర సీనియర్ దగ్గర కూర్చుని తన కేసుల గురించి మాట్లాడుకోవాలి. ఫిర్యాదు వస్తే విచారణ ఉంటుంది. కోనసీమకు కావలసిన సరుకు నాకు ఇక్కడ కనిపించింది. ఆ సంఘం పేరుతోనో, కార్డుతోనో మనకు పని లేదు. ఆ గంటన్నర కావాలి.

గదిలో ఒంటరిగా

ఎందుకో చెబుతాను. కొత్తపేటలో ఒక కాలేజీకి వారానికి రెండు రోజులు వచ్చే కౌన్సెలర్ ఉన్నారనుకుందాం. ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి వచ్చింది. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి నాలుగేళ్లయింది. తండ్రి ఉన్నాడంటే ఉన్నాడు. పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మూడోసారి కూర్చున్నప్పుడు, “మేడమ్, ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తాను” అంది. దగ్గర బంధువొకడు తనతో ఎలా ప్రవర్తిస్తున్నాడో చెప్పింది.

ఆ పిల్లకు పద్దెనిమిది నిండలేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. తెలియజేయకపోవడం శిక్షించదగిన నేరం. గుట్టు కాపాడతానన్న మాట అక్కడ చెల్లదు. అంతమాత్రాన ఆ గదిలోంచి లేచి స్టేషన్‌కి నడిస్తే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా నోరు విప్పదు. ముందు ఆమెకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, తల్లికి ఫోను ఎవరు చేయాలి, బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి? ప్రిన్సిపాల్ అయితే “మన కాలేజీ పేరు రాకుండా చూడండి” అంటాడు. ఇంట్లో చెప్పుకోవడానికి లేదు, భర్తతో అయినా సరే. ఇలాంటి వేళ ఫోను తీసి, “అమ్మా, ఇదీ సంగతి, ఏం చేయమంటారు” అని అడగడానికి ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషి ఒకరు ఉండాలి. పిల్ల పేరు చెప్పకుండానే అంతా చెప్పుకోగలగాలి. రేపు ఎవరైనా నిలదీస్తే, ఫలానా రోజున ఫలానా వారిని సంప్రదించానని చూపడానికి రాసిపెట్టిన పుస్తకం ఉండాలి.

అసలు మొదటి రోజునే, “నువ్వు చెప్పినవి నా దగ్గరే ఉంటాయి, ఈ ఈ సంగతులు తప్ప” అని ఆ అమ్మాయికి చెప్పి ఉండాలి. మంచి సంఘం సభ్యులకు మొదట నేర్పేది ఈ వాక్యమే.

ఇక్కడి రెండో చిక్కు ఇంకా సున్నితమైనది. ప్రపంచంలో ఏ సంఘం నియమావళి చూసినా ఒకటే మాట: బంధువులకు, స్నేహితులకు, డబ్బు లావాదేవీలున్నవారికి కౌన్సెలింగ్ చేయవద్దు. బెంగళూరులో ఇది పాటించడం సులువు. గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న మన గడ్డ మీద ఎవరు ఎవరికి పరాయి? తలుపు తోసుకుని వచ్చిన కోడలు పిల్ల కౌన్సెలర్ గారి తోడల్లుడికి మేనకోడలవుతుంది. ఆమె మీద కోపంగా ఉన్న అత్తగారు ప్రతి ఆదివారం కౌన్సెలర్ భార్యతో కలిసి చర్చికి వెళుతుంది. ఆ అత్తగారి ఆక్వా చెరువు లీజుకు తీసుకున్నది కౌన్సెలర్ బాబాయి. మనిషిని చూడగానే కులం, ఇంటిపేరు, ఊరు తెలిసిపోతాయి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురం ఎలా మండిపోయిందో చూసినవాళ్లం. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్లు మనసులో ఏం లెక్క వేసుకుంటారో తెలియనిది కాదు. కౌన్సెలర్ ఇంటి ముందు బండి ఆగితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

“అయితే చేయొద్దు” అనేస్తే నియమం నిలుస్తుంది, మనిషి మిగలడు. అమలాపురం నుంచి కాకినాడో రాజమండ్రో వెళ్లమంటే దాదాపు అరవై కిలోమీటర్ల మాట. కూలి పోగొట్టుకుని వెళ్లేదెవరు? అంచేత ఇక్కడి కౌన్సెలర్‌కు కావలసింది చేయొద్దనే రూలు కన్నా, తప్పనిసరై చేయాల్సి వచ్చినప్పుడు హద్దులెక్కడ గీయాలో నేర్పే మనుషులు. పెళ్లిలో కనబడితే పలకరించాలా, ముఖం తిప్పుకోవాలా? ఫీజుకు బదులు కొబ్బరికాయల బస్తా పంపితే ఏం చేయాలి? ఇవి పుస్తకాల్లో దొరకవు. అమలాపురం, రాజోలు, కొత్తపేట వాళ్లు నెలకోసారి కలిసి మాట్లాడుకుంటేనే దొరుకుతాయి. రాజోలు వాళ్ల బంధువును కొత్తపేట వాళ్లు చూడడం, వీళ్ల స్నేహితుడి కొడుకును అమలాపురం వాళ్లు చూడడం లాంటి సర్దుబాటు కూడా అక్కడే కుదురుతుంది.

ఒంటరితనం ఇంకోలా కూడా దెబ్బతీస్తుంది. రోజూ అప్పుల కథలు, బెట్టింగ్ యాప్‌ల కథలు, తాగుడు కథలు, గల్ఫ్ నుంచి అర్ధరాత్రి వచ్చే ఏడుపు ఫోన్లు వింటూ పోతే విన్నవాడికి నిద్ర పోతుంది. అలసిపోయిన కౌన్సెలర్ వినడం మానేసి ఉపన్యాసం మొదలుపెడతాడు. తాను చూడకూడని జబ్బును కూడా తానే నయం చేస్తానంటాడు. స్కిజోఫ్రీనియా మొదలైన కుర్రాడిని ఆర్నెల్లు మాటలతో కూర్చోబెట్టి సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం ఆలస్యం చేస్తే ఆ కుర్రాడి జీవితమే తారుమారవుతుంది. నెలకోసారి కేసులు వినిపించుకునే చోట అలాంటిది రెండో నెలలోనే బయటపడుతుంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. మన రాష్ట్రం అందులో లేదు. మన సంగతి మనకే సరిగా తెలియనప్పుడు, నెలనెలా కలిసే ఆ పదిమంది దగ్గర పోగయ్యే అనుభవమే ఈ జిల్లాకు దొరికే తొలి సమాచారం అవుతుంది.

చేరేముందు

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఏదో ఒక సంఘంలో చేరాలనే నా అభిప్రాయం. చేరేముందు మాత్రం పెళ్లి సంబంధం చూసినంత వాకబు చేయాలి. నన్ను చేర్చుకోవడానికి ఏం అడుగుతున్నారు? పట్టా నకలు, రుసుము మాత్రమేనా, పర్యవేక్షణలో చేసిన గంటల లెక్క కూడానా? నా మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలో బయటివాళ్లకు తెలిసేలా రాసిపెట్టారా? ఎవరినైనా ఎప్పుడైనా తొలగించారా? ఎవరినీ ఎన్నడూ తొలగించని సంఘం ఉంటే, అందులో అందరూ మహానుభావులైనా అయి ఉండాలి, లేదా ఎవరూ ఎవరినీ చూడకుండానైనా ఉండాలి.

జీవితకాల సభ్యత్వం అనే మన అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరముంది. ఒకసారి డబ్బు కడితే ముప్ఫై ఏళ్లపాటు ఎవరూ ఏమీ అడగరు. ఈమధ్యలో మనిషి చదవడం మానేయొచ్చు, తాగుడు మొదలుపెట్టొచ్చు. సర్టిఫికెట్ మాత్రం గోడమీద మెరుస్తూనే ఉంటుంది. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్‌నైనా ఐదేళ్లకోసారి, కొత్తగా నేర్చుకున్నదానికి పాయింట్లు చూపి పునరుద్ధరించుకోవాలి. సంఘాలూ అలా చేస్తే సభ్యుల సంఖ్య సగమవుతుందని భయపడతారు. కానివ్వండి.

భాష సంగతి కూడా ఉంది. సంఘాల దరఖాస్తులు, నియమావళులు, సదస్సులు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. గదిలో జరిగేది మాత్రం “ఆయ్, ఏం చెప్పమంటారండీ” అనే గోదారి మాటల్లో. సంతకం పెట్టే అంగీకారపత్రం ఇంగ్లీషులో ఉంటే, మూడో తరగతితో చదువాపేసిన అమ్మమ్మ దేనికి ఒప్పుకున్నట్టు? జిల్లా స్థాయిలో సంఘమంటూ పెడితే మొదటి పని ఒక పేజీ తెలుగు అంగీకారపత్రం రాయడం. ఏది గుట్టు, ఏది కాదు, ఫీజెంత, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, అర్ధరాత్రి ప్రాణం మీదికొస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి. చివరిదానికి జవాబు తెలిసిందే: టెలీ మానస్, 14416. 2022 అక్టోబర్ 10న మొదలైన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. సుప్రీంకోర్టు తీర్పు ఇలాంటి నంబర్లను హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాయమంది కూడా. ఇది చదువుతున్న తల్లిదండ్రులు ఈసారి కాలేజీకి వెళ్లినప్పుడు ఆ గోడకేసి చూడండి.

కలెక్టర్ కమిటీ రేపో మాపో కౌన్సెలర్ల జాబితా అడుగుతుంది. దాంట్లో పేరు పక్కన మూడు గళ్లు గీస్తే చాలు: ఏం చదివారు, ఏ సంఘంలో ఉన్నారు, నెలనెలా ఎవరి దగ్గర కేసులు చర్చిస్తున్నారు. సంఘం గడి ఖాళీగా ఉన్నా ఓ ఏడాది గడువివ్వొచ్చు. మూడో గడిలో పేరు లేనివారి గదిలోకి మాత్రం పిల్లల్ని పంపకూడదు.